మిద్దె మీద సోలార్ ఉన్న ఇల్లు: వెల కట్టాల్సింది గాజుకా, కరెంటుకా?

కోలారు పట్టణం అంచున ఉన్న తమకలో వైద్య కళాశాల ఉంది, పెద్దాసుపత్రి ఉంది, ఉద్యాన కళాశాల ఉంది. ఉద్యోగాల కోసం వచ్చేవాళ్లు, బదిలీ మీద వెళ్లేవాళ్లు ఎక్కువగా ఉండే ఇలాంటి చోట ఇళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. అలా అమ్మకానికి వచ్చే ఇళ్లలో మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నవి ఇప్పుడు తమకలోనే కాదు, రాబర్ట్‌సన్‌పేటలో, బంగారుపేటలో, మాలూరులో, ముళబాగిలులో కూడా కనిపిస్తున్నాయి. అమ్మేవారు 'సోలార్ ఉంది, కరెంటు బిల్లు బాధ ఉండదు' అని ధరలో రెండు మూడు లక్షలు కలిపి చెబుతారు. కొనేవారిలో కొందరు ఆ మాటకు మురిసిపోయి ఒప్పుకుంటారు. మరికొందరు 'ఎప్పుడో పెట్టిన పాత సామాను, మనకెందుకు' అని పైసా కూడా ఇవ్వబోమంటారు. ఈ రెండూ లెక్క చూడకుండా తీసుకునే నిర్ణయాలే. పాత ప్యానెళ్లకు విలువ ఉంది. అయితే ఆ విలువ వాటిని కొన్న రోజు రసీదులో ఉండదు, అవి మెరిసే తీరులో ఉండదు. ఇకముందు అవి ఇవ్వబోయే కరెంటులో ఉంటుంది, ఆ కరెంటు మీద కొత్త యజమానికి దక్కే హక్కులో ఉంటుంది. ఈ రెంటినీ కొలవవచ్చు. కొలిచాకే బేరమాడాలన్నది ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

అన్నిటికన్నా ముందు, 'సోలార్' అంటే ఏ సోలారో చూసుకోవాలి. కర్ణాటకలో చాలా ఏళ్లుగా మిద్దెల మీద సోలార్ వాటర్ హీటర్లు ఉన్నాయి. కొత్త ఇళ్లకు వాటిని తప్పనిసరి చేసిన నిబంధనల వల్ల అవి ఊరూరా వ్యాపించాయి. గాజు గొట్టాలు, పైన గుండ్రటి ట్యాంకు ఉంటే అది నీళ్లు కాచే యంత్రం. దానివల్ల గీజరు ఖర్చు తప్పుతుంది, కరెంటు బిల్లులో చిన్న రాయితీ వస్తుంది, అంతకు మించి ఏమీ రాదు. కరెంటు పుట్టించేవి నల్లగానో ముదురు నీలంగానో ఉండే చదునైన పలకలు. వాటి వెనుక నుంచి వచ్చే తీగలు కిందనున్న ఇన్వర్టరు పెట్టెకు చేరతాయి, అక్కడి నుంచి మీటరుకు వెళతాయి. ఇల్లు అమ్మకానికి ఉందన్న ప్రకటనల్లో రెండింటికీ ఒకటే మాట వాడతారు కాబట్టి, మిద్దె ఎక్కి కళ్లారా చూడకుండా ఏ లెక్కా మొదలుపెట్టకూడదు.

సోలార్ ప్యానెల్‌లో కదిలే భాగాలు లేవు. సిలికాన్ పలక మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు కదులుతాయి, ఆ కదలికే విద్యుత్తు. అరిగేది ఏమీ లేదు కాబట్టి ప్యానెల్ మోటారులా ఉన్నట్టుండి చచ్చిపోదు, ఏటా కొద్దికొద్దిగా నీరసిస్తుంది. పగటి ఎండకు వేడెక్కి రాత్రికి చల్లబడుతూ ఉండటం వల్ల లోపలి టంకం అతుకులు అలసిపోతాయి. సిలికాన్‌ను పట్టి ఉంచే పారదర్శక పొర పసుపెక్కుతుంది. వెనుక పొర బీటలిస్తే తేమ లోపలికి దిగుతుంది. అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2012లో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన కొలతలను క్రోడీకరించి, ఈ తరుగుదల మధ్యస్థంగా ఏడాదికి అర శాతం దగ్గర ఉందని తేల్చారు. తయారీదారులు 25 ఏళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యానికి హామీ ఇవ్వగలుగుతున్నది ఇందుకే. కానీ మన దేశపు కథ అంత సాఫీగా లేదు. ఐఐటీ బొంబాయి, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013 నుంచి విడతలవారీగా దేశమంతటా ప్యానెళ్లను పరీక్షించాయి. వేడి ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో తరుగుదల ఎక్కువనీ, పెద్ద సౌర క్షేత్రాల కంటే మిద్దెల మీది చిన్న ఏర్పాట్లలో పరిస్థితి అధ్వానమనీ ఆ సర్వేలు చూపాయి. సరుకు ఎంపికలో, బిగింపులో చూపిన నిర్లక్ష్యం మిద్దెల మీదే ఎక్కువగా బయటపడుతుంది. అందువల్ల ఒకే ఏడాది పెట్టిన రెండు ప్యానెళ్లలో ఒకటి దిట్టంగా, ఇంకొకటి సగం చచ్చి ఉండవచ్చు. వయసు ఒక్కటే చూసి విలువ చెప్పడం కుదరదు.

వాతావరణం విషయంలో కోలారు జిల్లాకు అదృష్టం కొంత కలిసివచ్చింది. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి ఇది. ఎండకు కొదవ లేదు, కోస్తా ఊళ్లలో ఉండే ఉడుకు మాత్రం లేదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ఎంత వేడెక్కితే అంత తక్కువ కరెంటు ఇస్తుంది. దీనికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. కర్ణాటక విద్యుత్ సంస్థ యలేసంద్ర గ్రామంలో కట్టిన 3 మెగావాట్ల సౌర కేంద్రం, దేశంలో గ్రిడ్‌కు కలిసిన తొలి మెగావాట్ స్థాయి కేంద్రాల్లో ఒకటి. 2010 నాటికే అది పనిచేస్తోంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ కేంద్రం తొలినాళ్ల కొలతలను విశ్లేషించారు. ప్యానెళ్ల వేడి 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు సుమారు 14.5 శాతం ఉన్న కేంద్రం సామర్థ్యం, 55 డిగ్రీలకు చేరేసరికి 11.5 శాతానికి పడిపోయింది. ఎండలో ప్యానెల్ చుట్టూ ఉన్న గాలి కంటే పాతిక ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. కాబట్టి కొనబోయే ఇంట్లో ప్యానెళ్ల కింద గాలి ఆడేంత ఎడం ఉందా అన్నది అలంకారానికి చూసే విషయం కాదు. ఆర్‌సీసీ మిద్దె మీద కాళ్లెత్తి నిలబెట్టిన ప్యానెళ్లకు చల్లదనం దొరుకుతుంది. కేజీఎఫ్ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) గనుల కాలనీల్లో లాగా రేకుల కప్పు ఉన్న ఇంట్లో, రేకు మీదే ఆనించి బిగించిన వాటికి ఆ వెసులుబాటు ఉండదు.

కోలారు రైతు బోరున్న పొలం కొనేటప్పుడు పంపు ఏ కంపెనీదని అడిగి ఊరుకోడు, మోటారు వేయించి నీళ్లు ఎన్ని వస్తున్నాయో గంటసేపు నిలబడి చూస్తాడు. సోలార్ ఇంటికి కూడా అదే పరీక్ష చాలు, పైగా ఇక్కడ పని సులువు, ఎందుకంటే యంత్రమే తన లెక్క తాను రాసి పెట్టుకుంటుంది. ఇన్వర్టరు మీద చిన్న తెర ఉంటుంది. పక్కనున్న మీట నొక్కితే ఈ రోజు పుట్టిన యూనిట్లు 'ఇ-టుడే' అని, పెట్టినప్పటి నుంచి పుట్టిన మొత్తం యూనిట్లు 'ఇ-టోటల్' అని కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు 4 యూనిట్ల దాకా, అంటే ఏడాదికి 1,400 యూనిట్ల దాకా ఇవ్వగలవు. దుమ్ము, కరెంటు కోతలు, వయసు అన్నీ కలుపుకుని 1,200కు పైగా వస్తుంటే బాగున్నట్టే. ఉదాహరణకు 3 కిలోవాట్ల ఏర్పాటు పెట్టి 8 ఏళ్లయింది అనుకుందాం. మొత్తం 30,400 యూనిట్లు చూపితే ఏడాదికి 3,800, అంటే కిలోవాట్‌కు దాదాపు 1,270. దాని ఆరోగ్యానికి ఢోకా లేదు. అదే 19,200 చూపితే కిలోవాట్‌కు 800 యూనిట్లే. ఎక్కడో లోపముంది, అది తేలేదాకా ఆ ప్యానెళ్లకు ధర చెప్పనివ్వకూడదు. మధ్యలో ఇన్వర్టరు మారిస్తే దాని లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఎప్పుడు మార్చారో అడగాలి, పాత కరెంటు బిల్లులు ఏడాదివైనా తీసుకుని సరిచూడాలి. మబ్బు లేని రోజు మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కితే ఇంకో పరీక్ష కూడా అయిపోతుంది. 3 కిలోవాట్ల ఏర్పాటు ఆ సమయానికి రెండు కిలోవాట్లకు పైగా ఇస్తూ ఉండాలి.

లెక్క తక్కువ వచ్చినంత మాత్రాన ప్యానెళ్లు పాడయ్యాయని కాదు. మొదట అనుమానించాల్సింది నీడను. ఒక వరుసలోని ప్యానెళ్లన్నీ గొలుసుకట్టుగా కలిపి ఉంటాయి, కరెంటు అన్నింటి గుండా ఒకటే ప్రవహిస్తుంది. సింటెక్స్ ట్యాంకు నీడో కొబ్బరిమట్ట నీడో ఒక్క ప్యానెల్ మూల మీద పడితే అక్కడి కణాలు కరెంటుకు అడ్డుపడతాయి. ఆ అడ్డును తప్పించే డయోడ్లు సాధారణంగా ఒక్కో ప్యానెల్‌కు మూడు ఉంటాయి, అవి పనిచేసినప్పుడు ప్యానెల్‌లో మూడో వంతు మొత్తం పక్కకు తప్పుకుంటుంది. అంటే చారెడు నీడ బారెడు నష్టం చేస్తుంది. ఏడేళ్ల కిందట సోలార్ పెట్టినప్పుడు పక్క స్థలం ఖాళీగా ఉండి, ఇప్పుడు అక్కడ మూడంతస్తులు లేచి ఉండవచ్చు. తమక చుట్టుపక్కల లేఅవుట్లు పెరుగుతున్న వేగానికి ఇది ఊహించదగినదే. నిర్ధారణ కావాలంటే ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం, సాయంత్రం 4 గంటలకు మిద్దె మీదికి వెళ్లి చూడాలి. పక్కన ఇంకా ఖాళీ స్థలం ఉంటే, రేపు అక్కడ లేచే గోడ నీడ ఎటు పడుతుందో కూడా అంచనా వేసుకోవాలి.

రెండో అనుమానం దుమ్ము. ఈ జిల్లాలో దుమ్ముకు ప్రత్యేకమైన చరిత్రే ఉంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కేజీఎఫ్ గనులు, బంగారం తీసిన రాతిపొడిని సైనైడ్ దిబ్బలుగా మిగిల్చి వెళ్లాయి. పదమూడు దిబ్బల్లో దాదాపు 3.3 కోట్ల టన్నుల పొడి ఉంది. గాలి లేచిన రోజుల్లో ఆ సన్నటి పొడి ఊరంతా కమ్ముతుంది. మాలూరు వైపు ఇటుక, పెంకుల బట్టీలు, అక్కడక్కడ రాతి క్వారీలు దానికి తోడు. గుజరాత్‌లోని గాంధీనగర్ ఐఐటీతో కలిసి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని వారాలపాటు దుమ్ము పట్టిన ప్యానెళ్లను కడిగినప్పుడల్లా ఉత్పత్తి సగటున 50 శాతం పెరిగింది. గుజరాత్ పొడి నేల వేరు, ఇక్కడి వానలు వేరు. అయినా కడగని ప్యానెల్‌ను చూసి చెడిపోయిన ప్యానెల్ అనుకోకూడదని ఆ అధ్యయనం నేర్పుతుంది. కోలారులో ఇంకో చిక్కు నీళ్లది. వెయ్యి అడుగుల లోతు నుంచి తోడిన బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నడి ఎండలో కాగుతున్న గాజు మీద ఆ నీళ్లు చల్లితే క్షణాల్లో ఆవిరై తెల్లటి పొర మిగులుతుంది. ఏళ్ల తరబడి అలా కడిగిన ప్యానెళ్లకు అంచుల్లో, ముఖ్యంగా కింది అంచున, గీకినా పోని గార కట్టి ఉంటుంది. దుమ్ము కడిగితే పోతుంది, గార అలా పోదు. కాబట్టి బేరానికి ముందు ఓసారి తెల్లవారుజామున, మెత్తని నీటితో శుభ్రం చేయించి, ఆ రోజు యూనిట్లు చూడమని అమ్మేవారిని అడగవచ్చు. వెయ్యి రూపాయల ఖర్చు లేని ఈ పరీక్ష లక్ష రూపాయల వాదాన్ని తీరుస్తుంది.

ప్యానెళ్ల కన్నా ముందు అలిసిపోయేది ఇన్వర్టరు. ఎనిమిది నుంచి పన్నెండేళ్లకు దాన్ని మార్చాల్సి వస్తుందనుకోవాలి. 3 కిలోవాట్ల దానికి మోడల్‌ను బట్టి ముప్పై నలభై వేలు పెట్టాలి. పదేళ్ల ఇన్వర్టరున్న ఇంటికి ఈ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి. దానికంటే ముఖ్యమైన అపోహ ఇంకొకటి ఉంది. 'సోలార్ ఉంది కాబట్టి కరెంటు పోయినా మనకు ఉంటుంది' అనుకుని ఇల్లు కొన్నవారు తొలి కోతకే నిరాశపడతారు. గ్రిడ్‌కు కలిసిన మామూలు ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. స్తంభమెక్కి తీగ సరిచేస్తున్న లైన్‌మ్యాన్‌కు మన మిద్దె మీద నుంచి కరెంటు ఎదురు వస్తే ప్రాణం పోతుంది. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఏర్పాటు ఉంటేనే కోతలో వెలుగు ఉంటుంది. పగటి కోతలు ఎక్కువగా ఉన్న వీధిలో ఇ-టోటల్ తగ్గడానికి కూడా ఇదే కారణం కావచ్చు. ఇక భద్రత విషయానికొస్తే, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల వరుసలో కొన్ని వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది, ఇంట్లో మెయిన్ ఆపినా అది పోదు. ఎండకు పగిలిన తీగ తొడుగులు, వదులైన కనెక్టర్లు నిప్పుకు కారణమవుతాయి. ముంగారు వానలకు ముందు ఉరుములు మెరుపులు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో కొలిపించాలి. మిద్దెకు బోల్టులు వేసిన చోట నీరు దిగుతోందా అని కింది గది కప్పు చూడాలి. మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయాలంటే ప్యానెళ్లన్నీ దించి ఎక్కించే కూలి కూడా కొత్త యజమాని మీదే పడుతుంది.

ఇంతవరకు చెప్పింది యంత్రం సంగతి. కర్ణాటకలో యంత్రం కంటే కాగితం ఎక్కువ విలువ చేసే సందర్భాలున్నాయి. విద్యుత్తు విలువ ఒప్పందంలో ఉంటుందన్న పాఠం ఈ జిల్లాకు కొత్తదేమీ కాదు. 1902 జూన్‌లో కావేరి మీది శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ మీదుగా కేజీఎఫ్‌కు కరెంటు వచ్చింది. గనులు ఆ కరెంటును కొంటాయన్న ముందస్తు భరోసా మీదే మైసూరు సంస్థానం అంత పెద్ద పని తలకెత్తుకుంది. ఇప్పుడు మిద్దె మీద ఉన్నది ఆ ఒప్పందానికి తిరగేసిన రూపం, ఇక్కడ ఇంటి యజమానే అమ్మకందారు, విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం కొనుగోలుదారు. కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ 2013 అక్టోబరులో మిద్దె సోలార్ కరెంటుకు యూనిట్‌కు 9.56 రూపాయలు, సబ్సిడీ తీసుకున్నవారికి 7.20 రూపాయలు ధర ఖరారు చేసింది. ఒప్పందం కాలం 25 ఏళ్లు. 2016లో కొత్తగా చేరేవారికి ధర తగ్గించారు, తర్వాతి ఆదేశాల్లో అది 9.56లో సగానికి కూడా దిగిపోయింది. దీని అర్థం గమనించండి. 2015లో ఒప్పందం చేసుకున్న ఇంటికి, 2019లో చేసుకున్న ఇంటికి మిద్దె మీద ఒకే రకం ప్యానెళ్లు ఉండవచ్చు, కానీ గ్రిడ్‌కు మిగులు పంపే ఇల్లయితే రెంటి రాబడికి పోలికే లేదు. ఏడాదికి 2,000 యూనిట్లు మిగిలే ఇంట్లో 9.56 ధరకు 19,120 రూపాయలు వస్తాయి. యూనిట్‌కు 3 రూపాయలైతే వచ్చేది 6,000. ఆ తేడా 2040 దాకా ఏటా వస్తూనే ఉంటుంది. అమ్మేవారు చూపించాల్సిన మొదటి కాగితం ప్యానెళ్ల బిల్లు కాదు, బెస్కాంతో చేసుకున్న ఒప్పందం.

ఆ ఒప్పందం పాత యజమాని పేరున, ఆ ఇంటి కరెంటు కనెక్షన్ ఆర్.ఆర్. నంబరు మీద ఉంటుంది. క్రయపత్రం రిజిస్టరయి ఇంటి ఖాతా మారినంత మాత్రాన అది దానంతట అదే కొత్త పేరుకు మారదు. మీటరు పేరు మార్పుతో పాటు సోలార్ ఒప్పందం బదిలీకి కూడా బెస్కాం సబ్‌డివిజన్ కార్యాలయంలో దరఖాస్తు చేసి, మిగులు సొమ్ము జమయ్యే బ్యాంకు ఖాతాను మార్పించుకోవాలి. లేకపోతే ఎండ మన మిద్దె మీద, సొమ్ము పాత యజమాని ఖాతాలో. ఒప్పందంలో రాసిన కిలోవాట్లు, మిద్దె మీద ఉన్న కిలోవాట్లు ఒకటేనా అని లెక్కపెట్టి చూడాలి. తర్వాత ఎవరో నాలుగు ప్యానెళ్లు అదనంగా పెట్టి ఉంటే పాత ధరకే చిక్కు రావచ్చు. అప్పు సంగతి ఇంకొకటి. ప్యానెళ్లు బ్యాంకు రుణం మీద తెచ్చి ఉంటే అవి బ్యాంకుకు హామీగా ఉంటాయి, ఇంటి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)లో ఆ సంగతి కనిపించకపోవచ్చు. రుణం తీరినట్టు బ్యాంకు నుంచి కాగితం రావాలి. ఇంకెవరో కంపెనీ పెట్టుబడి పెట్టి, మిద్దెను ఏళ్ల లెక్కన అద్దెకు తీసుకున్న పద్ధతి అయితే ప్యానెళ్లు అమ్మేవారివే కావు. బ్రిటన్‌లో 2010లో సోలార్ కరెంటుకు ప్రోత్సాహక ధర మొదలయ్యాక, ఉచితంగా ప్యానెళ్లు పెడతామంటూ కంపెనీలు పాతికేళ్లకు ఇంటి కప్పులు లీజుకు తీసుకున్నాయి. ఆ ఇళ్లు అమ్మబోయినప్పుడు గృహరుణాలిచ్చే సంస్థలు లీజు షరతులు చూసి వెనకాడాయి. ఆ చేదు అనుభవం మనకు ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు ధర. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల 2015లో ఎనిమిది రాష్ట్రాల్లో దాదాపు 22,000 ఇళ్ల అమ్మకాలను పరిశీలించింది. వాటిలో సుమారు 4,000 సోలార్ ఉన్నవి. సొంత ప్యానెళ్లున్న ఇంటికి కొనేవారు సగటున 15,000 డాలర్ల దాకా ఎక్కువ ఇచ్చారని, ప్యానెళ్ల వయసు పెరిగేకొద్దీ ఆ అదనం వేగంగా తగ్గిందని తేలింది. అంటే విలువ ఉంది, అది ఏటేటా కరుగుతుంది. మన లెక్క మనం వేసుకుందాం. ఏడాదికి 3,900 యూనిట్లు ఇస్తున్న 3 కిలోవాట్ల పాత ఏర్పాటు ఇంకో 15 ఏళ్లు పనిచేస్తుందని, ఉత్పత్తి ఏటా ఒక శాతం తగ్గుతుందని అనుకుందాం. 2025-26లో కర్ణాటకలో గృహ వినియోగానికి యూనిట్ ధర 5.80 రూపాయలు. తొలి ఏడాది మిగిలేది దాదాపు 22,600. పదిహేనేళ్ల మొత్తాన్ని కూడి 'మూడు లక్షలు' అనడం సరికాదు, ఎందుకంటే పదేళ్ల తర్వాత వచ్చే రూపాయి ఈ రోజు రూపాయితో సమానం కాదు. ఏడాదికి 8 శాతం వడ్డీ చొప్పున వెనక్కి లెక్కిస్తే అది 1.83 లక్షలు. అందులోంచి నాలుగేళ్లలో రాబోయే ఇన్వర్టరు ఖర్చు, ఏటా కడిగింపు, మరమ్మతులకు మూడు వేలు తీసేస్తే 1.3 లక్షల దగ్గరే మిగులుతుంది. ఇంకో హద్దు కూడా ఉంది. పీఎం సూర్యఘర్ పథకం కింద 2024 ఫిబ్రవరి నుంచి 3 కిలోవాట్ల కొత్త ఏర్పాటుకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది. రెండు లక్షల లోపు అయ్యే కొత్త సోలార్‌కు చేతి నుంచి పెట్టేది లక్షకు కాస్త ఎక్కువ. కొత్తది అంతకే దొరుకుతుంటే, ఏడెనిమిదేళ్ల పాతదానికి రెండు మూడు లక్షలు ఇవ్వడంలో అర్థం లేదు. మంచి ధరకు ఒప్పందం లేని పాత సోలార్, ఎంత బాగా పనిచేస్తున్నా, కొత్తదాని నికర ఖర్చులో సగానికి అటూ ఇటూ ఉండటం న్యాయం. 2013-16 నాటి ధర ఒప్పందం బదిలీ అయ్యేదైతే అంతకు మించి ఇవ్వడమూ న్యాయమే.

ఈ లెక్కకు వచ్చే మొదటి అభ్యంతరం గృహజ్యోతి. 2023 జులై నుంచి రాష్ట్రంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు, వారి సగటు వాడకాన్ని బట్టి కరెంటు ఉచితం, అలాంటప్పుడు సోలార్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. బలమైన ప్రశ్నే. నెలకు వంద యూనిట్లు కూడా వాడని దంపతులకు సోలార్ వల్ల బిల్లులో మిగిలేది పెద్దగా ఉండదు, వారికి మిగులు అమ్మకం విలువ ఒక్కటే లెక్క. కానీ నెల వాడకం 200 దాటితే బిల్లంతా కట్టాల్సిందే. ఏసీ, గీజరు, కరెంటు స్కూటరు ఉన్న ఇల్లు ఆ గీత దాటడానికి ఎంతో దూరం లేదు. పైగా ఉచిత యూనిట్ల కోటా పాత వినియోగ సగటు మీద ఆధారపడుతుంది, అమ్మేవారి కోటా కొత్త కుటుంబానికి అలాగే వస్తుందని అనుకోకూడదు. తన ఇంటికి ఏ లెక్క వర్తిస్తుందో బెస్కాం నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే సోలార్‌కు ధర కట్టాలి. ఈ అభ్యంతరం పద్ధతిని కాదనడం లేదు, ఒక్కో ఇంటికి వేరే అంకె వేయాలని గుర్తు చేస్తోంది అంతే.

పాత ప్యానెళ్ల సామర్థ్యం తక్కువ, పీకేసి కొత్తవి పెడితే పోలా అన్నది రెండో అభ్యంతరం. 2015 నాటి 250 వాట్ల ప్యానెల్ తన మీద పడే ఎండలో సుమారు 15 శాతాన్ని కరెంటుగా మార్చేది, ఇప్పటివి 21 శాతం దాటాయి. నిజమే, కానీ ఈ అంకె చెప్పేది ఎంత చోటు పడుతుందన్నది మాత్రమే. 3 కిలోవాట్లకు అప్పట్లో పన్నెండు ప్యానెళ్లు, 20 చదరపు మీటర్ల చోటు కావాలి. ఇప్పుడు ఆరు చాలు. మిద్దె మీద చోటు ఉన్నంతకాలం పాత యూనిట్‌కూ కొత్త యూనిట్‌కూ తేడా లేదు. పనిచేస్తున్నదాన్ని తీసేస్తే దాని మంచి ధర ఒప్పందం పోవచ్చు, ఆ ఇంటి మీద సబ్సిడీ ఇదివరకే వాడుకుని ఉంటే మళ్లీ వస్తుందన్న నమ్మకమూ లేదు. చోటు చాలని ఇరుకు మిద్దెకు, వాడకం బాగా పెరగబోయే ఇంటికి మాత్రమే మార్పు సబబు. పెట్టిన కంపెనీ మూతపడింది కదా, వారంటీ ఎవరిస్తారు అని ఇంకొందరు అడుగుతారు. ప్యానెల్ వారంటీ ఇచ్చేది తయారీదారు, బిగించినవారు కాదు. అసలు బిల్లు, ప్యానెళ్ల వెనుక ఉన్న సీరియల్ నంబర్లు చేతిలో ఉంటేనే దానికి విలువ, లేకపోతే ధరలో దాన్ని సున్నా అనుకోవాలి. చెడిపోయే వాటిలో ఎక్కువభాగం ఇన్వర్టరు, కనెక్టర్లు, తీగలు. అవి ఏ ఊళ్లోనైనా దొరికే సామాన్లే.

ప్రభుత్వ విధానం మారితే ఈ లెక్కలన్నీ తారుమారు కావా అన్నదే అన్నిటికన్నా గంభీరమైన అభ్యంతరం. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త సోలార్ ఇళ్లకు మిగులు కరెంటు ధర బాగా తగ్గించారు, పాతవారికి ఇరవై ఏళ్ల హక్కు ఉంచారు. 2025లో, ఇల్లు అమ్మగానే కొనేవారికి ఆ పాత హక్కు పోవాలంటూ అక్కడి శాసనసభలో బిల్లు వచ్చింది. సోలార్ యజమానులు గట్టిగా ఎదిరించారు. హక్కు ఇంటితో పోతుందా, మనిషితో పోతుందా అన్న ప్రశ్నకు జవాబు మారితే ఇంటి ధరే మారిపోతుందని వారికి తెలుసు. ఈ ప్రమాదం ఇక్కడ లేదనలేం. దానికి మందు, బదిలీ పూర్తయ్యాకే సోలార్ వంతు సొమ్ము చెల్లించేలా అగ్రిమెంటులో షరతు రాసుకోవడం. ఒప్పందం కొత్త పేరుకు మారాక అది కాగితం మీద ఉన్న హక్కు, అంతవరకు అది అమ్మేవారి నోటిమాట.

ఈ ప్రశ్న ఇక కొందరు కలవారి ఇళ్లకే పరిమితం కాదు. కేజీఎఫ్‌కు పొరుగునే ఉన్న కుప్పం నియోజకవర్గంలోని నడిమూరు గ్రామంలో 2025 జనవరి నుంచి ఇళ్లన్నిటి మీదా సోలార్ పెట్టే పని చేపట్టారు. సూర్యఘర్ లక్ష్యం దేశంలో కోటి ఇళ్లు. పదేళ్లలో ఆ ఇళ్లలో లక్షలాది చేతులు మారతాయి. ఇప్పుడు మనం పెట్టుకునే అలవాటే అప్పటి మార్కెట్ పద్ధతి అవుతుంది. కొనేవారు ప్యానెళ్లు ఉన్నాయని గంపగుత్తగా ధర ఇస్తే, అమ్మేవారికి వాటిని కడగాల్సిన అవసరం కనిపించదు, నీడ పడే కొమ్మలు కొట్టేయాల్సిన అవసరం కనిపించదు, కాగితాలు భద్రపరచాల్సిన అవసరం అంతకంటే కనిపించదు. ఏటా పుట్టిన యూనిట్లు అడిగి, వాటికే వెల కడితే, ఇవాళ సోలార్ పెట్టుకుంటున్న ప్రతి గృహస్థుడికీ దాన్ని బాగా చూసుకోవడంలో లాభం కనిపిస్తుంది. ఈ పనిని బెస్కాం సులువు చేయగలదు. ప్రతి సోలార్ కనెక్షన్‌కూ ఒప్పందం తేదీ, యూనిట్ ధర, కిలోవాట్లు, గత మూడేళ్ల ఉత్పత్తి ఉన్న ఒక పేజీ ధ్రువపత్రం ఇస్తే, దాన్ని క్రయపత్రానికి జతచేసే ఆనవాయితీ వస్తే, తమకలో ఇల్లు కొనే నర్సుకైనా ముళబాగిలులో కొనే రైతుకైనా మోసపోయే భయం ఉండదు. ఆ పేజీ వచ్చేదాకా దానిలోని నాలుగు అంకెలూ కొనేవారే అడిగి రాసుకోవాలి. ఆ నాలుగూ చెప్పలేని అమ్మకందారుకు ఇంటి ధర ఇవ్వండి, సోలార్ ధర ఇవ్వకండి.